నూట యాభై రెండు చీటీలు

పోయినవారం మనం రాజ్యశ్రీని వంటగది గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. చేతిలో పన్నుల ఆఫీసు ఉత్తరం, ఎదురుగా భర్త ధీరజ్, పొయ్యి మీద మాడిపోతున్న పప్పు. ఆ పప్పు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. గిన్నె ఇప్పటికీ నానుతోంది.

కిందటి సంచిక చేతికందని వాళ్ళ కోసం ఉత్తరంలో ఏముందో మళ్ళీ చెప్తాను. బట్టలూ పాత సామాన్లూ అమ్ముకునే ఒక యాప్‌లో రాజ్యశ్రీ పేరున ఖాతా ఉంది. జర్మనీలోని జార్‌బ్రూకెన్‌లో ఎమ్మెస్ చదివేటప్పుడు పాత సైకిల్ అమ్ముకోవడానికి తెరిచింది. సైకిల్ ముప్ఫై యూరోలకు పోయింది, ఖాతా మిగిలిపోయింది. తరవాత స్టుట్‌గార్ట్ దగ్గర కార్ల విడిభాగాల కంపెనీలో ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, ధీరజ్ వచ్చాడు. అతను జగిత్యాల టైలరు కొడుకు, చదివింది బీకాం. ఇక్కడ ఉద్యోగం దొరకలేదు కానీ పని దొరికింది. జర్మనీలో తెలుగు ఆడవాళ్ళకు చీరలకు కొదవ లేదు. ఫాల్ కుట్టి, పీకో చేసి, జాకెట్టు ఒంటికి సరిపెట్టే మనిషే లేడు. ధీరజ్ ఆ మనిషయ్యాడు. అప్పటికి అతనికి బ్యాంకు ఖాతా లేదు కాబట్టి ఆర్డర్లన్నీ ఆ సైకిల్ ఖాతాలోకే వచ్చాయి, అలాగే వస్తూ పోయాయి.

నిరుడు మొత్తం నూట నలభై మూడు ఆర్డర్లు, ఐదు వేల ఎనిమిది వందల అరవై యూరోలు. యాప్ వాళ్ళు ఆ అంకెను చట్టప్రకారం ప్రభుత్వానికి పంపారు. మీ రిటర్న్‌లో ఈ ఆదాయం లేదు, పద్నాలుగో తారీఖులోగా వివరణ ఇవ్వండి అని రాజ్యశ్రీకి ఫినాన్స్‌అమ్ట్ నుంచి, అంటే పన్నుల ఆఫీసు నుంచి, ఉత్తరం వచ్చింది.

పన్ను కట్టమంటే కట్టేస్తుంది, అదొక భయం కాదు. అసలు భయం వేరే. రాజ్యశ్రీ బ్లూ కార్డుతో, అంటే ఉద్యోగ వీసా కార్డుతో పాటు ఇచ్చిన పచ్చ కాగితం మీద, ఈ ఉద్యోగం తప్ప సొంత వ్యాపారం చేయరాదని స్పష్టంగా ఉంది. వచ్చే మంగళవారం ఉదయం తొమ్మిదింటికి ఆమెకు శాశ్వత నివాసం కార్డు కోసం టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్. ఎనిమిది నెలలు ఎదురుచూస్తే దొరికిన టెర్మిన్ అది. అక్కడ కూర్చునే అధికారి ముందు ఈ నూట నలభై మూడు ఆర్డర్లు బయటపడితే కొత్త కార్డు సంగతి తరవాత, ఉన్న కార్డే ఉంటుందో ఊడుతుందో తెలియదు.

"నీ పని తెచ్చి నా తలకు చుట్టావు" అంది ఆ రోజు. అంతటితో ఆగలేదు. ఆర్డర్లు రాసుకునే పుస్తకం తీసుకెళ్ళి కింద కాగితాల డబ్బాలో పడేసి రమ్మంది. ధీరజ్ పుస్తకం చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు. పది నిమిషాలకు ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు.

ఇవాళ శుక్రవారం. సాయంత్రం నాలుగు కావస్తోంది. ఇద్దరూ బోబ్లింగెన్‌లో ఎస్-బాన్ రైలు ఎక్కి ఎదురెదురుగా కూర్చున్నారు. ధీరజ్ ఒళ్ళో ఒక గుడ్డసంచి ఉంది.

"అందులో ఏముంది?"

"ఏం లేదు."

ఏమీ లేని సంచిని అంత గట్టిగా పట్టుకోవడం ఎందుకో అడగాలనుకుంది కానీ, వారం రోజులుగా వాళ్ళిద్దరి మధ్యా నడుస్తున్న మాటలు "తిన్నావా", "తాళం తీసుకున్నావా" వరకే. అంతకు మించి ఏ మాట మొదలుపెట్టినా అది ఉత్తరం దగ్గరికే వెళ్ళి ఆగుతోంది. అందుకని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

నిజానికి ఆమె ఈపాటికి ఒక చోట భంగపడి వచ్చింది. ఆఫీసులో వాళ్ళు చెప్తే ఉద్యోగుల రిటర్న్‌లు నింపే ఒక సంఘానికి వెళ్ళింది. చందా కట్టడానికి కార్డు కూడా బయటికి తీసింది. అక్కడి పెద్దాయన ఉత్తరం చూసి మర్యాదగా మడిచి తిరిగి ఇచ్చాడు. జీతం మీద బతికే వాళ్ళవే చూస్తాం, సొంత పని ఆదాయం ఒక్క యూరో ఉన్నా మేము ముట్టుకోకూడదు అన్నాడు. బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని ఏడ్చింది. అప్పుడు గుర్తొచ్చింది సుభద్రగారు. ఆవిడకు పోయిన ఉగాదికి జాకెట్టు కుట్టింది ధీరజే. సుభద్రగారు ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా పన్ను సలహాదారు జైనబ్ నంబరు ఇచ్చింది.

*

జైనబ్ ఆఫీసు బాడ్ కాన్‌స్టాట్‌లో బేకరీ పైన రెండో అంతస్తు. శుక్రవారం మధ్యాహ్నం తరవాత ఆ వీధిలో అన్ని ఆఫీసులూ మూసేస్తారు. ఆవిడ వీళ్ళ కోసమే తెరిచి కూర్చుంది. టోలిచౌకి నుంచి ఇరవై రెండేళ్ళ కిందట పెళ్ళి చేసుకుని వచ్చింది. ఇక్కడే చదివి, పన్ను సలహాదారుల పరీక్ష రెండుసార్లు తప్పింది. మూడోసారి కూడా తప్పితే జన్మలో మళ్ళీ రాయనివ్వరు. ఆ మూడోసారి పాసైన మనిషి కాబట్టి ఎవరి భయాన్నీ చులకన చేయదు.

"కూచో బేటా" అంది రాజ్యశ్రీని చూస్తూనే. "మొహం చూస్తే ఫినాన్స్‌అమ్ట్ వాళ్ళు మీ ఇంట్లనే మంచమేసుకున్నట్టున్నది. చాయ్ తాగుర్రి ముందు. నాకు రోజా, ఉపాసం, మీరు తాగుర్రి."

రెండు కప్పుల్లో చాయ్ పోసి, ఉత్తరం అందుకుని, కళ్ళజోడు పెట్టుకుంది. నాలుగు పేజీల ఉత్తరం, అందులోనే ఆర్డర్ల పట్టీ. ఒక్కో పేజీ తిప్పుతుంటే రాజ్యశ్రీకి పదో తరగతి పేపర్లు దిద్దే టీచరు ఎదుట నిలబడ్డట్టుంది. ఆగలేకపోయింది.

"మేడమ్, నేనొకటి ఆలోచించానండీ. అవన్నీ నా పాత బట్టలే, వాడేసినవి అమ్ముకున్నాను అని రాసేస్తే? పాత బట్టలు అమ్ముకుంటే పన్ను లేదట కదా. నెట్‌లో చూశాను."

జైనబ్ కళ్ళజోడు మీంచి చూసింది.

"నీవా?"

"ఆఁ."

"నూట నలభై మూడు జాకెట్లు."

రాజ్యశ్రీ చాయ్ కప్పు పక్కకు జరిపింది.

"ఒకటి ముప్ఫై నాలుగు సైజు, ఒకటి నలభై నాలుగు సైజు. ఒకే ఏడాదిల నువ్వు అంత లావెక్కి అంత చిక్కినవా, అమ్మా?"

ధీరజ్‌కి నవ్వొచ్చింది. రాజ్యశ్రీ చూపు తగిలి చాయ్ కప్పులోకి తల దించాడు.

జైనబ్ మాత్రం నవ్వలేదు. ఉత్తరం బల్ల మీద పెట్టి దాని మీద అరచెయ్యి ఆనించింది. "చూడు బేటా. పన్ను మరిచిపోయినోడిని ఈ దేశం మందలిస్తది, పైసలు కట్టించుకుంటది, పొమ్మంటది. అబద్ధం రాసినోడిని వదలదు. నా దగ్గర కూచున్నంక నిజమే రాయాలె. అట్ల కాదంటే తలుపు తీసే ఉన్నది, చాయ్ తాగి పోవచ్చు."

రాజ్యశ్రీకి ఒళ్ళు మండింది. వారం రోజులు నిద్రలేని కళ్ళతో ఉన్న మనిషికి నీతి చెప్తే మండదా? "నిజం రాస్తే నా కార్డు పోతుంది మేడమ్!" అనేసింది. గొంతు అనుకున్న దానికంటే పెద్దదై గోడలకు తగిలింది. "ఏడేళ్ళండీ. జార్‌బ్రూకెన్‌లో గోడౌన్‌లో పెట్టెలు మోశాను, థీసిస్ రాశాను, జర్మన్ నేర్చుకున్నాను. మంగళవారం ఆ ఒక్క కార్డు చేతికొస్తే ప్రతిసారీ కంపెనీ కాగితం పట్టుకుని నిలబడే పని ఉండదు. ఇప్పుడు నేను దొంగచాటు వ్యాపారం చేశానని నా చేత్తో నేనే రాసివ్వాలా?"

"నువ్వు చేసినవా?"

"ఖాతా నాదే కదా."

"ఖాతా సంగతి అడగలే. కుట్టింది ఎవరు?"

ధీరజ్ చెయ్యెత్తాడు, క్లాసులో పిల్లాడిలాగా. "నేనే ఆపా. అన్నీ నేనే కుట్టిన. ఆమెకు సూదిల దారం ఎక్కియ్యనీకే పావుగంట పడ్తది. ఏ జుర్మానా ఉన్నా నాకు వెయ్యుమనుర్రి. ఆమె కార్డు జోలికి రావొద్దు."

"మీ ఇద్దరి కార్డులు ఇయ్యి."

రాజ్యశ్రీ తనది ఇచ్చింది. దాంతో పాటు పచ్చ కాగితం కూడా మడత విప్పి పెట్టింది. ఆ మడతలు ఈ వారంలో ఎన్నిసార్లు విప్పిందో, ఒకచోట చిరుగు పట్టింది. జైనబ్ చదివి తలూపింది. అవును, అందులో ఉన్నది రాజ్యశ్రీ భయపడ్డదే.

"నీది, తమ్మీ?"

"నాదేముంది ఆపా. నాది ఉత్త డిపెండెంట్ కార్డు" అన్నాడు ధీరజ్. ఆ ముక్క అతనికి నోటికి వచ్చేసింది. బ్యాంకులో, జిమ్ములో, లైబ్రరీలో, తెలుగు వాళ్ళ పుట్టినరోజు పార్టీల్లో రెండేళ్ళుగా చెప్తున్నాడు. పర్సులో పాత పదిరూపాయల నోటు వెనకనుంచి కార్డు తీసి ఇచ్చాడు.

జైనబ్ ముందు వైపు చూసింది. వెనక్కి తిప్పింది. కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది. తరవాత కార్డును రాజ్యశ్రీ ముందుకు జరిపి, ఒక వరస మీద వేలు పెట్టింది.

"నీకు జర్మన్ వచ్చు గద. చదువు."

రాజ్యశ్రీ చదివింది. ఎర్వెర్బ్స్‌టేటిష్‌కైట్ ఎర్లౌబ్ట్. రెండే మాటలు. రెండో మాటకు అర్థం బడిపిల్లలకు కూడా తెలుసు, అనుమతి ఉంది అని.

"దేనికి అనుమతి?" అంది మెల్లగా, తెలిసి కూడా.

"సంపాదనకు. ఏ రకం సంపాదనైనా. నౌకరీ చేసుకో, దుకాణం పెట్టుకో, మిషన్ కుట్టుకో. బ్లూ కార్డు వాళ్ళ భార్యకు, భర్తకు ఇచ్చే కార్డుల మీద ఇట్లనే రాస్తరు. నీకు షరతులు ఉన్నయ్. ఆయనకు లేవు." జైనబ్ కుర్చీలో వెనక్కి వాలింది. "అరే, ఇద్దరూ చదువుకున్నోళ్ళు! ఒక్కల కార్డు చదివి ఇద్దరికీ శిక్ష వేసుకున్నరా?"

రాజ్యశ్రీ ఆ వరసను ఇంకోసారి చదివింది. వీసా వచ్చిన రోజు నుంచి ఇంట్లో కార్డు అంటే తన కార్డే. తారీఖులు తనవే చూసుకుంది, షరతులు తనవే చదువుకుంది, భయాలూ తన కార్డువే. ధీరజ్ కార్డు వచ్చిన రోజు ఫొటో బాగా పడలేదని ఇద్దరూ నవ్వుకుని పర్సులో పెట్టేశారు. వెనక ఏముందో చూడాలని ఒక్కరికీ తోచలేదు.

ధీరజ్ ఆ కార్డును చేతిలోకి తీసుకున్నాడు. "కుట్టు కూడా చెయ్యొచ్చా?"

"కుట్టు కూడా."

"యాప్‌ల పెట్టుకుని?"

"యాప్‌ల పెట్టుకో, బజార్ల కూచో. గెవెర్బె అని ఊరి ఆఫీసుల పేరు రాయించుకోవాలె, అంతే. నువ్వు రాయించుకోలే, ఆలస్యమైంది. దానికి చిన్న జుర్మానా వేస్తే వేస్తరు."

"బోర్డు పెట్టొచ్చా?"

"బేటా, లైట్లు పెట్టుకో బోర్డుకు."

ధీరజ్ నవ్వాలని చూశాడు. నవ్వు రాకముందే కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. "రెండేళ్ళ నుంచి బెల్లు మోగితే మిషన్ మీద దుప్పటి కప్పుతున్న ఆపా" అన్నాడు. "పార్సిల్ తెచ్చినోడికి కూడా భయపడుకుంట. కింది ముసలమ్మ ఏం చప్పుడు అని అడిగితే మిక్సీ అని చెప్పిన. రెండేళ్ళ నుంచి ఆమె అనుకుంటున్నది మేము పొద్దస్తమానం చట్నీ తింటమని."

ఈసారి రాజ్యశ్రీ నవ్వింది. నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ ముక్కు తుడుచుకుంది. వారం రోజులుగా గుండె మీద కూర్చున్న బరువు ఎవరో చెయ్యి వేసి పక్కకు జరిపినట్టయింది. చాయ్ చల్లారిపోయింది, అయినా ఒక్క గుక్కలో తాగేసింది. ఇంత రుచిగా ఉంటుందని ఇందాక తెలియలేదు.

జైనబ్ చేయాల్సిన పనులు చెప్పుకుంటూ పోయింది. ధీరజ్ పేరున రిజిస్ట్రేషన్. ఇద్దరూ కలిసి వేసిన నిరుటి రిటర్న్‌ను మనమే దిద్ది పంపడం. కొంత పన్ను, దాని మీద కాస్త వడ్డీ. దారాలు, సూదులు, మిషన్ ఖర్చు తీసేస్తే పెద్దగా మిగిలేది లేదు. పద్నాలుగో తారీఖులోగా ఫినాన్స్‌అమ్ట్‌కు ఒక ఉత్తరం, అది ఆవిడే రాస్తుంది. మంగళవారం టెర్మిన్‌కు దాని నకలు రాజ్యశ్రీ పర్సులో ఉంటే చాలు, అడిగితే చూపించవచ్చు.

"ఒక్కటే కావాలె నాకు" అంది చివర్న. "ఖాతా ఆమె పేరు మీద ఉన్నది. కుట్టింది మాత్రం నువ్వే అని చూపియ్యాలె. ఉత్త నోటి మాట నడవదు. ఏదన్న కాగజ్ ఉన్నదా? ఆర్డర్లు ఎక్కడన్న రాసుకున్నవా?"

రాజ్యశ్రీ నవ్వు ఆగిపోయింది.

కాగితాల డబ్బాను బుధవారం ఖాళీ చేస్తారు. మొన్న బుధవారం పొద్దున్నే ఆ లారీ వచ్చి వెళ్ళిన చప్పుడు ఆమె మంచంలో పడుకుని విన్నది. విని, హమ్మయ్య అనుకుంది కూడా.

"ఉండేది మేడమ్" అంది. "పుస్తకం ఉండేది. ప్రతి ఆర్డరూ రాశాడు. నేనే... నేనే పడేయించాను. అది ఎవరి కంటా పడకూడదని."

జైనబ్ నుదురు కొట్టుకుంది. "కాగితం పారేసినవా? ఈ దేశంల కాగితం పారేస్తరా ఎవరన్న?"

ఎంత తెలివితక్కువ పని! దొంగకు పనికొచ్చే తెలివి, దొంగతనం చేయని వాడి మీద వాడింది. కాపాడే కాగితాన్నే చెత్తలో వేయించింది. ధీరజ్ వైపు చూసే ధైర్యం లేకపోయింది రాజ్యశ్రీకి.

ధీరజ్ గుడ్డసంచి విప్పాడు.

పొడుగాటి పుస్తకం ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. నిరుటి ఆర్డర్ల బిల్లు పుస్తకం. అట్ట మీద ఎర్ర అక్షరాల్లో 'జగన్మోహన్ టైలర్స్, జగిత్యాల' అని అచ్చయి ఉంది. లోపల గుడ్డముక్కలు నిండి ఉబ్బిపోయి, మూసినా మూసుకోకుండా ఉంది.

"డబ్బా దాకా పోయిన" అన్నాడు, రాజ్యశ్రీని కాకుండా పుస్తకాన్ని చూస్తూ. "మూత కూడా ఎత్తిన. లైటు కింద బాపు పేరు కనపడ్డది. చెయ్యి రాలే. కింద మన సామాన్ల గదిల పెద్ద సూట్‌కేస్‌ల పెట్టిన."

"పడేశానన్నావు!"

"అనలే. నువ్వు అడగలే. నేను చెప్పలే."

ఆ ముక్కకు ఇంకో రోజైతే ఇంట్లో యుద్ధమే జరిగేది. ఇవాళ రాజ్యశ్రీ చెయ్యి చాచి అతని మోచెయ్యి పట్టుకుంది. గట్టిగా, వదలకుండా పట్టుకుంది.

జైనబ్ పుస్తకం తన వైపు తిప్పుకుంది. ఒక్కో చీటీకి నంబరు, పేరు, తారీఖు, కొలతలు, ఎంత తీసుకున్నాడో ఆ అంకె. పైన మూలన గుండుసూదితో గుచ్చిన చిన్న గుడ్డముక్క. జగిత్యాలలో అయినా బోబ్లింగెన్‌లో అయినా గుడ్డ కత్తిరించే ముందు దానిలోంచి వేలెడంత ముక్క చీటీకి గుచ్చాల్సిందే, అది జగన్మోహన్ దుకాణం పద్ధతి. కస్టమరు ఇది నా గుడ్డ కాదని గొడవ పడితే ముక్క తీసి చూపిస్తారు. ధీరజ్ ఎనిమిదేళ్ళ వయసు నుంచి ఆ ముక్కలు గుచ్చుతున్నాడు. ఇక్కడ ఎవరు గొడవ పడతారని రాజ్యశ్రీ ఎన్నోసార్లు వెక్కిరించింది. గుండుసూదులు కాళ్ళకు గుచ్చుకుంటున్నాయని తిట్టింది.

"మాషా అల్లా" అంది జైనబ్. ఆవిడ వేళ్ళు ముక్కల మీద ఆగి ఆగి వెళ్తున్నాయి. "ఇది గద్వాల. ఇది నారాయణపేట. మా అమ్మీ కట్టేది ఇట్ల నెమలికంఠం రంగు." ఒక్క క్షణం పన్నుల ఆఫీసు, ఉత్తరం, అన్నీ మరిచిపోయిన మొహం. మళ్ళీ సర్దుకుని కూర్చుంది. "బేటా, ఇరవై ఏళ్ళ నుంచి ఈ పని చేస్తున్న. గుడ్డముక్కతో సహా లెక్క పెట్టినోడిని ఇప్పటిదాక చూడలే. ఫినాన్స్‌అమ్ట్ వాళ్ళు దీన్ని ఫ్రేము కట్టించుకుంటరు."

తెలుగు చదవడం ఆవిడకు బళ్ళో సెకండ్ లాంగ్వేజ్‌గా నేర్చుకున్నంత వచ్చు. కూడబలుక్కుంటూ, ఒక కాగితం మీద గీతలు పెట్టుకుంటూ, మొదటి నుంచి చివరిదాకా చీటీలు లెక్కపెట్టింది. ధీరజ్ కార్డును జేబులో పెట్టుకోకుండా ఇంకా చేతిలోనే తిప్పుతున్నాడు. రాజ్యశ్రీ బయటికి చూసింది. వీధిలో ఎండ ఉంది, బేకరీ ముందు ఇద్దరు పిల్లలు బ్రెడ్డు కోసం కొట్టుకుంటున్నారు, అంతా బాగుంది. మంగళవారం ఏ చీర కట్టుకోవాలా అని కూడా ఆలోచించింది.

"నూట యాభై రెండు" అంది జైనబ్.

"నూట నలభై మూడు మేడమ్" అంది రాజ్యశ్రీ.

"యాప్ లెక్క నూట నలభై మూడు. పుస్తకంల నూట యాభై రెండు. తొమ్మిది ఎక్కువున్నయ్." పేజీలు వెనక్కి తిప్పింది. ఒకచోట ఆగింది. "గివి. అక్టోబరు. తొమ్మిదింటికీ ఒకటే పేరు, భానుమతి, సిండెల్‌ఫింగెన్. ఫాల్, పీకో." ముందు పేజీ చూసింది, మళ్ళీ ఈ పేజీ చూసింది. "రాత వేరే ఉన్నది. ఆ రాత వాలుగ ఉన్నది, ఇది గుండ్రంగ. ఇది ఎవరు రాసిండ్రు?"

రాజ్యశ్రీ ముందుకు వంగింది. చూడగానే పోల్చుకుంది. ఎవరి రాత వాళ్ళు పోల్చుకోకుండా ఉంటారా?

అక్టోబరులో మిషన్ సూది ధీరజ్ చూపుడువేల్లోంచి దిగిపోయింది. పది రోజులు కట్టు. అప్పటికే భానుమతిగారు చెల్లెలి కూతురి పెళ్ళికని తొమ్మిది చీరలు తెచ్చి చేతికిచ్చి వెళ్ళింది, యాప్‌లో పెట్టకుండా. పని ఒప్పుకుని చేయలేకపోతే పరువు పోతుందని ధీరజ్ అన్నం మానేసి కూర్చున్నాడు. అప్పుడు రాజ్యశ్రీ ఆ చీరలు సంచిలో వేసుకుని ఎస్-బాన్‌లో ఆఫీసుకు పోతూ వస్తూ ఒక్కొక్క ఫాల్ చేత్తో కుట్టింది. పీకో ఇంటికొచ్చాక మిషన్ మీద నేర్చుకుని చేసింది. వేళ్ళు పొక్కిపోయాయి. చీటీలు కూడా రాసింది, ముక్కలు గుచ్చింది, అది లేకపోతే అతను ఊరుకోడు కనక. ఆ మాటే మరిచిపోయింది. ఇంటి పనుల్లో అదొక పని, గుర్తుపెట్టుకునేదేముంది?

నీ పని, నీ పని అని వారం రోజులుగా ఎత్తిపొడిచింది. ఆ పనిలో తన రెండు చేతులూ ఉన్నాయి. ఆమె కార్డు మీద మాత్రం సొంత పనికి అనుమతి లేదు.

"నాదే ఆపా, ఆ రాత" అన్నాడు ధీరజ్.

రాజ్యశ్రీ తల తిప్పి అతన్ని చూసింది.

"అప్పుడు కుడిచేతికి కట్టు ఉండె. ఎడమ చేత్తో రాసిన. అందుకే గుండ్రంగ వచ్చింది." కళ్ళార్పకుండా చెప్పాడు. మిక్సీ అని చెప్పిన రోజు కూడా ఇంత నమ్మకంగా చెప్పి ఉండడు.

జైనబ్ అతన్ని ఒక నిమిషం చూసింది. సొరుగులోంచి తెల్ల కాగితం తీసి అతని ముందు పెట్టింది. దాని మీద పెన్ను పెట్టింది.

"మంచిగున్నది. ఇప్పుడు ఎడమ చేత్తో రాయి. భానుమతి, సిండెల్‌ఫింగెన్. రాయి, చూస్తా."

ధీరజ్ ఎడమ చెయ్యి పెన్ను దాకా వెళ్ళింది. పెన్ను పట్టుకోవడం కూడా రాలేదు ఆ చేతికి. మొదటి అక్షరం గీత మొదలై వణుకుతూ పక్కకు పోయింది. రాజ్యశ్రీ లేచి నిలబడి ఆ పెన్ను అతని వేళ్ళలోంచి తీసుకుంది.

"రాజీ, వద్దు" అన్నాడు.

ఆమె వంగి రాసింది. భానుమతి, సిండెల్‌ఫింగెన్. ఫాల్, పీకో, తొమ్మిది చీరలు. గుండ్రటి అక్షరాలు, కాగితం మీదా పుస్తకంలోనూ ఒకేలా ఉన్నాయి. పెన్ను కింద పెట్టింది. వింతేమిటంటే భయం వేయలేదు.

"నేనే రాశాను మేడమ్. నేనే కుట్టాను. ఆయన నా కోసం అబద్ధం చెప్తున్నాడు."

జైనబ్ కళ్ళజోడు తీసేసింది. "ఒక్కటే అడుగుతా. ఆలోచించి చెప్పు. మంగళవారం నీకు కార్డు వస్తదా రాదా అన్నది దీని మీదనే ఉన్నది. మొగుని చేతికి దెబ్బ తగిలితే పెళ్ళాం సాయం చేసింది అనుకో, అది సాయం. ప్రపంచంల ఏ ఆఫీసూ తప్పు పట్టదు. పైసలు తీసుకుని చేసింది అనుకో, అప్పుడు అది నీ పని. ఈ తొమ్మిది చీరలకు నువ్వు పైసలు తీసుకున్నవా?"

రాజ్యశ్రీ చూపు పుస్తకం మీదికి వెళ్ళింది. తొమ్మిది చీటీలు. తొమ్మిదింటిలోనూ డబ్బు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. జైనబ్ ఇంకా అక్కడి దాకా చూడలేదు. కట్టు విప్పాక ధీరజ్ కొత్త పేజీ నుంచి మొదలుపెట్టాడు కాబట్టి అతనూ ఎప్పుడూ చూడలేదు.

నిజం చెప్తే కార్డు దక్కుతుంది. ఇంత సులువైన నిజం ధీరజ్ ఎదుట చెప్పడానికి ఆమె ఎందుకు వెనకాడిందో ఆ గదిలో ఆమెకొక్కదానికే తెలుసు.

"తీసుకోలేదు మేడమ్" అంది. "ఒక్క యూరో కూడా తీసుకోలేదు. చూడండి, అన్నీ ఖాళీగానే ఉన్నాయి."

జైనబ్ పుస్తకం కళ్ళ దగ్గరికి తీసుకుని తొమ్మిది చీటీలూ చూసింది. గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలింది. "అల్‌హమ్దులిల్లా! అయిపోయింది బేటా. ఇగ నిన్ను ఎవ్వరూ ఏమీ అనరు. మంగళవారం మంచి చీర కట్టుకుని పో."

రాజ్యశ్రీ కళ్ళు మూసుకుంది. ఏడేళ్ళ అలసట ఒక్కసారి దిగిపోయినట్టయింది. తెరిచేసరికి ధీరజ్ పుస్తకాన్ని తన వైపు లాక్కుని ఆ ఖాళీ గళ్ళ మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూస్తున్నాడు. తొమ్మిదోది కూడా చూశాక తలెత్తాడు.

"మరి భానుమతక్క ఇచ్చిందని చెప్పి నువ్వే మిషన్ మీద పెట్టినవ్ గద, రెండొందల డెబ్భై యూరోలు" అన్నాడు. "చెయ్యి పనిచెయ్యకున్నా నా దుకాణం నడిచిందని ఆ పైసలతోనే బాపు దుకాణానికి కొత్త బోర్డు చేయించిన. అవి ఎవరి పైసలు, రాజీ?"